జుఫైర్ హోటల్లో ఎకో

సత్యవేదం మళ్లీ తన కుర్చీని దగ్గరికి జరిపాడు.

షాలేమ్‌కు ఒళ్లు మండింది. ముందుకూ వెనక్కూ జరుపుతూ ఊదాల్సిన పొడుగాటి బూర ట్రాంబోన్. పక్కవాడు మీద మీద పడుతుంటే ఎలా వాయించడం?

"కాస్త దూరం జరగండి బాబాయ్."

"వద్దులే నాయనా, నాకిక్కడే బాగుంది," అన్నాడు ముసలాయన.

గల్ఫ్ దేశంలో, జుఫైర్‌లోని ఆ హోటల్లో పెద్ద బ్యాండు ఉంది. అక్కడ శుక్రవారం సెలవు కాబట్టి గురువారం మొదలు వారాంతపు సాయంత్రాలు ఒకప్పటి అమెరికా డాన్సు పాటలు వాయిస్తారు. ఏలూరులో పెళ్లి ఊరేగింపుల్లో బూర ఊదిన షాలేమ్ కొత్తగా వచ్చి మొదటి ట్రాంబోన్ అయ్యాడు. మూడు నెలల్లో నచ్చకపోతే ఇంటికి పంపేస్తామని ముందే చెప్పారు. ఊళ్లో భార్య రోజీకి నెలలు నిండుతున్నాయి. ఈ ఉద్యోగం పోతే వాళ్లకు మరో ఆధారం లేదు.

సత్యవేదం రెండో ట్రాంబోన్. ఒక్కసారి కూడా ఒంటరిగా వాయించడు. షాలేమ్ ఒక్కడే వాయించాల్సిన చోట కూడా బూర నోటికి ఆనించుకుని కళ్లు మూసుకుంటాడు. అది వాయించడమో కునుకు తీయడమో దేవుడికే తెలియాలి. ఆయన ఊరికే జీతం తీసుకుంటున్నాడని శుక్రవారం తెలుగు ఆరాధనలో షాలేమ్ నలుగురితోనూ అన్నాడు.

ఆఖరి పాట చివర షాలేమ్ ఒక్కడే ఆగకుండా లాగాల్సిన పెద్ద స్వరం ఒకటి ఉంటుంది. అది ఆగేదాకా డాన్సు చేసేవాళ్లు కదలరు. అంత దమ్ము షాలేమ్‌కు లేదు. మధ్యలో దొంగతనంగా ఊపిరి పీల్చుకునేవాడు.

అయినా స్వరం తెగేది కాదు.

అంతా మైకు మహిమ అనుకున్నాడు. మన ప్రార్థన కూటాల్లో మాట ఆగినా మోగుతూ ఉండేలా ఎకో పెట్టనిదే మైకు ముట్టుకోరు. ఇంత పెద్ద హోటలువాళ్లు పెట్టకుండా ఉంటారా?

చప్పట్లు మోగాయి. ఉద్యోగం ఖాయమైంది. రోజీకి ఆడపిల్ల పుట్టింది. ఆ వారమే సత్యవేదం పని మానేసి ఊరికి వెళ్లిపోయాడు. డ్యూటీ ఉందని చెప్పి షాలేమ్ సాగనంపడానికి కూడా పోలేదు.

మరుసటి గురువారం ఆఖరి స్వరం సగంలో తెగిపోయింది.

డాన్సు చేసేవాళ్లు ఆగి వేదిక వైపు చూశారు. కచేరీ ముగియగానే షాలేమ్ సౌండు చూసే పరమేశ్ దగ్గరికి వెళ్లాడు.

"ఎకో ఎందుకు తీసేశావు?"

"ఎకోనా? ఈ హాల్ల నేనెన్నడు పెట్టలేదన్నా," అన్నాడు పరమేశ్. "నువ్వు ఊపిరి తీసుకున్నప్పుడల్లా పక్కకున్న పెద్దాయన ఊదుతుండె గద. నీకెరుక లేదా?"

షాలేమ్ తల సిగ్గుతో వాలిపోయింది. తెల్లవారాక సత్యవేదం ఇంటికి ఫోన్ చేశాడు.

ఆయన భార్య లూర్దుమేరి ఎత్తింది. మందు వేసుకుని ఇప్పుడే పడుకున్నారని చెప్పింది.

"లేచాక ఒక్క మాట చెప్పండమ్మా. నా ఉద్యోగం ఆయన నిలబెట్టిందే. నా కూతురు తాగే పాలు ఆయన పోసినవే. బతికున్నంతకాలం మర్చిపోను."

"అయితే షాలేమ్‌వి నువ్వేనా బాబూ?" ఆవిడ గొంతు సంతోషంతో నిండిపోయింది. "నీకిప్పుడు దమ్ము నిలబడుతోందా అని పొద్దున కూడా అడిగారు."

"ఆయనకు ఒంట్లో ఎలా ఉందమ్మా?"

"ఊపిరితిత్తులు పాడయ్యాయి, ఇక బూర ముట్టుకోవద్దని నువ్వు రాకముందే డాక్టరు చెప్పాడు నాయనా. అయినా ఇన్నేళ్లూ తను చేసిన మొదటి ట్రాంబోన్ పనిలోకి తన బదులు వచ్చిన పిల్లాణ్ణి వెనక్కి పంపనివ్వనని, నీకు ఖాయమయ్యేదాకా అక్కడే ఉండిపోయారు."