నీలు రేపొస్తుంది

“నీల్లు,” అంది వెంకటవ్వ. రాత్రి ఆయా హంసాబెన్ చెవికది “నీలు” అయింది. నీలు అంటే గుజరాత్‌లో ఆడపిల్ల పేరు. “నీలు కల్ ఆయేగీ, మాజీ,” అని నీళ్లను కాస్తా రేపటికి వాయిదా వేసి, లైటార్పి వెళ్లింది.

సూరత్ మగ్గాల మధ్య నలభై ఏళ్లు నేర్చిన హిందీని మతిమరుపు మింగేసింది. వెంకటవ్వకిక మిగిలింది తెలుగూ, దాహమూ. పక్క తడుస్తుందని ఆ వృద్ధాశ్రమంలో పొద్దుగూకాక గ్లాసులు తీసేస్తారు. పక్క ఆరింది; నాలుకా ఆరింది.

రోజూ అదే మాట, అదే జవాబు. ఆరో రాత్రి చీకట్లో అడుగులు వినిపించాయి. మంచం ఓ పక్కకు కుంగింది. “మై ఆ గయీ, మా. నీలు,” అంది చెవి దగ్గరో గొంతు. హంసాబెన్ జాలిపడి కూతురి వేషం కట్టింది. మాట్లాడే నీళ్లను వెంకటవ్వ ఎన్నడూ ఎరగదు. అయినా తడుముకుని ఆ చేయి అందుకుంది, నోటికి ఆనించుకుంది, నాకింది. ఫినాయిలు చేదు తగిలినా వదలక చప్పరిస్తూనే ఉంది. హంసాబెన్ కేకకు ఆశ్రమమంతా లేచింది.

తెల్లారి ఆదివారం. కూతురు వినోద రాగానే అందరూ చుట్టుముట్టి, “నీ చెల్లెలు నీలును ఎందుకు తీసుకురావు?” అని హిందీలో నిలదీశారు.

“నాకు చెల్లె ఏడిది?” అంటూ వినోద తల్లి పెదాల దగ్గర చెవి పెట్టింది. ఆరు రాత్రులు అందరూ విన్నదే. అర్థమై విన్నది వినోదే.

“నీలు కాదు, బెన్,” అంది హంసాబెన్‌తో మెల్లగా. “నీల్లు. మా తెలుగుల పానీ.”