రాగిసంగటి, తోటకూర పప్పు

“రోజూ రాత్రి ఏం తింటవ్ బుజ్జీ?” కొండాపూర్‌లో పిల్లల డాక్టరు అడిగారు.

“రాగిసంగటి, తోటకూర పప్పు, పెరుగన్నం. అమ్మే చేస్తుంది,” అంది ఎనిమిదేళ్ల మా ధరణి. నేనూ ఔనన్నట్టు తలూపాను.

“గింత మంచి తిండి తింటే పొట్టలో మంచి బ్యాక్టీరియా ఉండాలె కదా. మరి రోజూ ఈ కడుపునొప్పేంది? తిండి వల్ల కాదన్నట్టే. రక్తం తీసి చూద్దాం మేడం.”

నర్సు సూది తీసింది. సూదంటే హడలిపోయే పిల్ల బుద్ధిగా చెయ్యి చాపి, నా చెవిలో గుసగుసలాడింది.

“ఆఫీసు కాల్స్‌లో ఉండి నువ్వు రోజూ నూడుల్స్ ఆర్డర్ పెడతావని చెప్పలేదమ్మా. నిన్నేం తిట్టరులే.”

ఇందాక నేను తలూపడమే దాని అబద్ధానికి ధైర్యమైంది.

“సిస్టర్, ఆగండి. డాక్టరుగారికి ఒక మాట చెప్పాలి,” అన్నాను.

ధరణి కంగారుగా నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.