జేబులో పట్టే లైటు

"గిది గాదు బిడ్డా. ఇంకోటి తియ్యి."

మరియ గోడ గడియారం వంక చూసింది. అయిదుంబావు. అయిదున్నరకు ఊరి బస్సు. భద్రాచలం సెంటర్లోని ఈ ఎలక్ట్రికల్ షాపు నుంచి బస్టాండుకు పరుగెత్తినా ఆరు నిమిషాలు పడుతుంది. అత్త దగ్గర వదిలి వచ్చిన ఎనిమిది నెలల జెస్సికా ఈపాటికి గుక్కపట్టి ఏడుస్తూ ఉంటుంది. రొమ్ములు సలుపుతున్నాయి, పాలతో జాకెట్టు తడుస్తోంది. బ్యాగు తీసుకుని ఉరికేదే, కానీ షాపు యజమాని సీతయ్య దగ్గర ఒక కాయిదా ఉంది. గిరాకి ఎదుట నిలబడి ఉండగా ఎవరూ కౌంటరు వదిలి కదలకూడదు.

ఈ గిరాకి అరగంటగా కదలడం లేదు. యాభై దాటిన మనిషి, మెడలో ఎర్ర తువ్వాలు. అతనికి కావలసిందల్లా జేబులో పట్టే చిన్న టార్చి. దానికి పెళ్లిచూపులంత తతంగం చేస్తున్నాడు. అప్పటికే కౌంటరు మీద పదకొండు పరిచి ఉన్నాయి.

"గింత చిన్నదే ఎందుకు బాబాయ్? పెద్దది తీస్కోరాదు, మంచిగ వెలుగు కొడ్తది," అంది మరియ.

"పెద్దది ఉండె బిడ్డా. చెయ్యి గుంజుతాందని అందరు నన్ను తిట్టుడే. అల్కగ ఉండాలె. ఆడోళ్లు గూడ పట్టుకునేటట్టు ఉండాలె."

ఇంటిల్లిపాదీ వంతులేసుకుని చేను కావలి కాస్తారు కాబోలు అనుకుంది మరియ. అడవి పక్క ఊళ్లలో పందుల బాధ ఆమెకు తెలియనిది కాదు.

"రోజూ వాడేదేనా?"

"రోజూ. పొద్దుగూకినంక గంటన్నర, ఆగకుంట వెలగాలె."

అతను పన్నెండోది తీసుకుని గడప దాకా వెళ్లాడు. ఒక కన్ను మూసి, ఎదుటి గోడ మీద వెలుగు వేశాడు. తర్వాత తవుడు జల్లించినట్టు దాన్ని అటూ ఇటూ ఊపాడు. మరియకు ఒళ్లు మండిపోయింది.

"మరియా, నిమ్మళంగ చూపియ్యి. తొందరపెట్టకు," అన్నాడు గల్లాపెట్టె దగ్గర నుంచి సీతయ్య.

అయిదూ ఇరవై రెండు.

ఇక ఆగలేక మరియ కింది అరలోకి చెయ్యి పెట్టింది. అక్కడ ఒక వెండిరంగు టార్చి ఉంది. చూడటానికి ముద్దుగా ఉంటుంది కానీ లోపల స్ప్రింగు వదులు. కుదుపు తగిలితే ఆరిపోతుంది, నాలుగు దెబ్బలు వేస్తే వెలుగుతుంది. అలాంటివి రెండు వాపసు వచ్చాక, వెనక్కి పంపాలని ఆమే దాన్ని పక్కన పెట్టింది.

"ఇగో బాబాయ్, గిది చూడు. నిన్ననే వచ్చింది. నూరు గజాలు కొడ్తది."

అతను అరచేతిలో పెట్టుకుని తూచాడు. మొహం విప్పారింది.

"ఊపితే ఆరదా?"

"ఆరదు."

"గంటన్నర వెలుగుతదా?"

"మూడు గంటలు వెలుగుతది. మా ఇంట్ల గూడ గిదే."

"నువ్వయితే కొంటవా బిడ్డా?"

"నేనా? కండ్లు మూస్కొని కొంట!"

ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లే మనిషి, ఇంత తేలిగ్గా అబద్ధం ఆడటం ఆమెకే నచ్చలేదు. అయినా తోలేది పందుల్ని కదా, ఆరితే నాలుగు తట్టుకుంటాడు, రేపు తెస్తే మార్చి ఇస్తే సరి అని సర్ది చెప్పుకుంది. "సల్లగుండు బిడ్డా," అంటూ అతను టార్చి జేబులో వేసుకుని మెట్లు దిగాడో లేదో, బ్యాగు పట్టుకుని ఆమె పరుగు అందుకుంది.

బస్టాండు చేరేసరికి బస్సు వెనక భాగం మలుపు తిరుగుతూ కనిపించింది. అరిచింది, చెయ్యి ఊపింది. బస్సు ఆగలేదు. మరియకు ఏడుపు ఒక్కటే తక్కువ.

"మీ ఊరి మీదికెళ్లే పోతది. ఇదే ఆఖరు జీపు, జల్దీ రా!" పక్కన ఆగి ఉన్న జీపులోంచి ఆమెను ఎరిగినవాళ్లెవరో పిలిచారు.

జీపు వెనకాల పద్నాలుగు మంది ఇరుక్కుని ఉన్నారు. ఇద్దరు వేలాడుతున్నారు. విచిత్రంగా డ్రైవరు పక్క సీటు మాత్రం ఖాళీ.

"గది ఎవలకన్న ఆపిండ్రా?" అడిగింది మరియ.

"ఎవలకు లేదు, కూసో బిడ్డా, కూసో!" అంది ఒడిలో గంప పెట్టుకున్న ముసలామె. వేలాడుతున్న ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వారు.

నవ్వితే నవ్వనీ. కాళ్లు చాపుకునే సీటు దొరికింది, బిడ్డ దగ్గరికి చేరితే చాలు. మరియ కళ్లు మూసుకుని ప్రభువుకు స్తోత్రం చెప్పుకుంది.

చలికాలం పొద్దు చూస్తుండగానే గూకింది. డ్రైవరు ఎక్కి జీపు తీశాడు. చివరి ఇళ్లు దాటి అడవి మొదలైంది. గతుకులకు ఆమె కళ్లు తెరిచి పక్కకు చూసింది. ఎర్ర తువ్వాలు!

"ఓ, నువ్వా బిడ్డా!" సంబరపడిపోయాడు అతను.

"బాబాయ్... నువ్వు చేనుకాడికి పోతలేవా?"

"నాకు చేనెక్కడిది?" అతను ఒక చేత్తో స్టీరింగు తిప్పుతూ రెండో చేత్తో జేబులోంచి వెండిరంగు టార్చి తీసి ఆమె ఒడిలో పెట్టాడు. "హెడ్‌లైట్లు పోయి నెలాయె. ముందట కూసున్నోళ్లే తొవ్వకు లైటు కొట్టాలె. పట్టు బిడ్డా, నువ్విచ్చిందేనాయె, ఇగ భయమేంది!"