మాట తూలలేదు

ఆ ఆసుపత్రిలో షిఫ్టు దిగే ప్రతి ఉద్యోగి ఆత్మపరిశీలననూ గోడ మీది యంత్రమే రాసిపెడుతుంది. ఉద్యోగి వేలిముద్ర వేస్తే చాలు. నర్సు హైమావతి వేయలేదు.

“నిద్ర చాలక మాట తూలింది” అని చదివింది యంత్రం.

“తూలడానికి అదేమైనా తాగొచ్చిందా?” అంది హైమావతి. “నరం దొరక్క పేషెంటుకి మూడుసార్లు గుచ్చాను. ‘నీ నరాలే మంచివి కావు’ అని విసుక్కున్నాను. నేనే అన్నానని రాయి.”

“అలా రాస్తే హెడ్‌నర్సు పదవికి మీ పేరు పరిశీలించబడదు.”

వెనక వరసలో నిలబడ్డ తోటి నర్సు ఎస్తేరు గొణిగింది. “ముద్రేసి పోవే తల్లీ. ఇక్కడ అందరం తూలినవాళ్లమే.”

“మాట దానంతటదే తూలిపోతే రేపు నేను మార్చుకోడానికేముందే?” హైమావతి యంత్రం వైపు తిరిగింది. “పేరు పోతే పోనీ. రాయి.”

యంత్రం రాసింది. హెడ్‌నర్సు పదవి జాబితాలోంచి ఆమె పేరు పోయింది.

హైమావతి తిరిగి వార్డులోకి వెళ్లింది. ఆ పేషెంటు, అప్పలకొండమ్మ, వాచిన చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

“పొద్దున ఆ మాట నేనే అన్నానమ్మా. నరం పట్టడం నాకే చేతకాలేదు.”

“ఇనబడిందిలే. నాకేం చెవుడా?” అంటూ ముసలామె రెండో చెయ్యి చాపింది.

హైమావతి స్టూలు లాక్కుని కూర్చుంది. సూది అందుకోకుండా, ముందు ఆ చేతిని వేలితో తడిమి చూడటం మొదలుపెట్టింది.