రిజిస్టరావిడ

“మీరు లేచి వెళ్లిపోండి.”

తల్లి ఉలిక్కిపడింది. ఒకటో తరగతి గది బయట బల్ల మీద కూర్చుని గంటే అయింది.

ఎదురుగా హాజరు రిజిస్టరు చంకన పెట్టుకుని ఒకావిడ. ముప్పై ఏళ్లుంటాయేమో. చూపు మాత్రం తల్లి మొహం మీద లేదు, ఆమె తలపైనున్న గోడ మీద ఉంది.

“గంటలో మీ అమ్మాయి పద్నాలుగు సార్లు తలుపు వైపు చూసింది. మీరున్నారని. వెళ్లండి.”

నవ్వు లేదు, పలకరింపు లేదు. చెప్పి చక్కా పోయింది.

తల్లికి పై ప్రాణాలు పైనే పోయాయి. పది రోజులు చూసి చెప్తామన్నారు హెడ్మాస్టరు. ఈవిడేమో మొదటి రోజే లెక్కలు కట్టేస్తోంది!

చిట్టికి ఆటిజం. ఏడేళ్లకే ఇది మూడో బడి. మొదటిది నాలుగు రోజులు ఉంచుకుని పంపేసింది. రెండోచోట, “మనుషుల్లో మసలడం తెలియని పిల్లని మిగతావాళ్ల మధ్య ఎలా ఉంచుతాం?” అన్నారు. ఇదీ తప్పిపోతే ఇక చిట్టికి నాలుగ్గోడలే బడి.

పక్కనే పిల్లల సీసాల్లో మంచినీళ్లు నింపుతున్న ఆయా నవ్వింది.

“ఆవిడ మాట అంతేనమ్మా. మొహమ్మీద కొట్టినట్టుంటుంది.”

“ఎదుటి మనిషిని చూసి మాట్లాడాలని కన్నవాళ్లు నేర్పలేదా ఆయమ్మా?”

“నేర్పకేం! నోరు నొప్పెట్టేదాకా నేర్పుంటారు.”

మర్నాడు తల్లి మెట్ల కింద నక్కింది. సంచీలో రెండు జతల బట్టలు, జ్వరం మందు, దూది, టార్చిలైటు.

“పట్టపగలు టార్చిలైటెందుకు తల్లీ?”

“గదిలో చిట్టినొక్కదాన్నే పెట్టి తలుపేసేస్తేనో?”

“మీ ఊహకి ఓ దండం!”

“మీ చెప్పులు కనిపిస్తున్నాయి.” వెనకనుంచి రిజిస్టరావిడ. “తొమ్మిది సార్లు చూసింది.”

తల్లి ఒక్క ఉదుటున గేటు బయట పడింది. అప్పట్నుంచీ ఊచల్లోంచి చూడటమే పని. గేటు పక్క కుళాయి దగ్గరికి ఆయా వచ్చినప్పుడల్లా గోడు వెళ్లబోసుకునేది.

“గంట కొట్టబోయే ముందల్లా తరగతి గుమ్మంలోకొచ్చి రెండు వేళ్లు చూపించి పోతోందేంటి? రెండు తప్పులు చేసిందనా?”

“అడక్కూడదూ?”

“అమ్మో, ఆవిణ్ణా!”

చిట్టికి గంట మోగితే చాలు, ఒళ్లు కాలినట్టు కేక పెడుతుంది. మొదటి బడి వద్దన్నది అందుకే.

ఐదో రోజు ఇంటర్వెల్ గంట మోగింది. తల్లి కళ్లు గట్టిగా మూసుకుంది.

కేక రాలేదు.

“ఆయమ్మా! అరవలేదు! కళ్లు తిరిగి పడిపోయిందేమో చూడండి!”

ఆయా వెళ్లి తొంగి చూసి వచ్చింది.

“నిక్షేపంలా ఉంది. వరసలో నిలబడి ముందు పిల్ల జడ లాగుతోంది. ఆ పిల్లా కిలకిలా నవ్వుతోంది.”

“మా చిట్టే? జడ లాగుతోందా?” తల్లికి ప్రాణం లేచొచ్చింది. మరుక్షణమే మొహం మాడిపోయింది. “అయ్యో, అది కూడా రాసేస్తుందేమో ఆవిడ!”

పదో రోజు హెడ్మాస్టరు పిలిచారు. ఆయన నోరు తెరవకముందే తల్లి అందుకుంది.

“మా అమ్మాయిని ఉంచుకోండి సార్. ఆ రిజిస్టరావిణ్ణి మాత్రం ఆ తరగతి ఛాయలకి రానివ్వకండి. మనుషుల్లో మసలడం తెలియని మనిషిని పిల్లల మధ్య ఎలా ఉంచుతారు?”

అన్నాక ఆమెకే ఏదోలా అనిపించింది. ఆ మాట తనది కాదు.

హెడ్మాస్టరు రిజిస్టరు తెరిచి ఆమె వైపు తిప్పారు. గుండ్రటి అక్షరాలు. ఆమె వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది.

“గంటకి ముందు రెండు వేళ్లు చూపాలి. రెండు నిమిషాలుందని తెలిస్తే తనే చెవులు మూసుకుంటుంది. మొదటి రోజు కేకలు ఆరు. ఇవాళ ఒక్కటీ లేదు. జడలు లాగడం మూడు. స్నేహితురాలు ఒకతె. పిల్లని ఉంచుకోవచ్చు. తల్లిని గేటు దాటనివ్వకూడదు.”

తల్లికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే తన్నుకొచ్చి వెక్కిళ్లు పట్టుకున్నాయి.

“ఆవిడెక్కడ సార్? క్షమించమని అడగాలి.”

“ఆవిడకి ఇక్కడ ఇవాళే ఆఖరు. చిట్టిలాంటి పిల్లల్ని చేర్చుకుంటున్నాం, ఎలా చూసుకోవాలో నేర్పమని ఇంకో బడివాళ్లు అడిగారు. మీరన్నట్టే, ఇంక ఆ తరగతి ఛాయలకి రాదు.”

తల్లి చెప్పులు చేత్తో పట్టుకుని మరీ గేటు దాకా పరిగెత్తింది. అక్కడ ఆయా ఒక్కతే రోడ్డు వైపు చూస్తూ నిలబడి ఉంది.

“ఇప్పుడే బస్సెక్కింది. వెళ్లొస్తానని చెప్పడం ఆవిడకి చేతకాదు.”

“అయ్యో, ఎన్నేసి మాటలన్నాను! కన్నతల్లిని, నాకే తెలియలేదే. మా చిట్టి మనసు ఆవిడెలా కనిపెట్టింది ఆయమ్మా?”

“దానికీ గంటంటే భయమే తల్లీ. చిట్టి అంతున్నప్పుడు ఈ బడిలోనే చేర్చి, ఎక్కడ ఏడుస్తుందోనని నేను బయటే నిలబడిపోతే, ‘ఎలాగూ ఇంటికెళ్లవు, పిల్లలకి నీళ్లైనా పట్టమ్మా’ అన్నారు అప్పటి హెడ్మాస్టరు” అంటూ, ఇరవై మూడేళ్లుగా ఆ బడిలోనే ఉండిపోయిన ఆ తల్లి కొంగుతో కళ్లు తుడుచుకుని నవ్వింది.