మూలుగుకో గుక్క

లింగస్వామి మూలుగు ఆగింది. బిక్షమ్మ మొదట సంతోషపడింది, పిచ్చితల్లి.

తొడలో తూటా దిగిన మొగుణ్ణి గొడ్ల కొట్టంలో చొప్ప చాటున దాచింది. ఊరి ముందరే పోలీసు క్యాంపు. మూలుగు వినబడితే ఇద్దరి బతుకూ బుగ్గే.

దళం వాళ్లొక సీసా ఇచ్చి, "నొప్పికి తాపు" అని పోయారు. ఎంత తాపాలో చెప్పలేదు. మూలిగినప్పుడల్లా ఓ గుక్క తాపింది.

ఇప్పుడు కుదిపినా కన్ను తెరవడు. ఒక గురక వచ్చాక రెండోది ఎంతకీ రాదు.

కక్కిద్దామని చింతపులుసు తెచ్చి నోట్లో పోయబోయింది.

"పొయ్యకమ్మా. తెలివిలేనోనికి పోస్తే ఊపిరిల పడ్తది."

కొట్టం వాకిట్లో ఎవరో ముసలాయన.

"బయటికి గురక ఇనొచ్చింది. సీసా ఏది?"

ఆమె మొగుడికి అడ్డంగా జరిగింది. "ఏ సీసా? నాకేం తెల్వదు." ఎవరడిగినా చెప్పమని దళం నేర్పిన మాట అదొక్కటే.

ముసలాయన లింగస్వామిని పక్కకు తిప్పి, గడ్డం ఎత్తి పట్టాడు. ఊపిరి మందగించినప్పుడల్లా రొమ్ముమీద పిడికిలితో గట్టిగా రాశాడు.

ఆయన ముంజేతుల మీద తాళ్లు ఒరుసుకున్న గాట్లు. దొంగా? పోలీసోడా? బిక్షమ్మకు ఏమీ పాలుపోలేదు. మొగుణ్ణి బతికిస్తున్నాడు, కానీ సీసా ఎందుకడిగినట్టు?

"నువ్వెవరు?"

"ముందుగాల ఈయన్ని లేవనియ్యి బిడ్డా."

పొద్దు వాలేసరికి లింగస్వామి దగ్గి, కళ్లు తెరిచి, పెళ్లాన్ని "అవ్వా" అన్నాడు. ఆమె భోరుమంది.

"మత్తు దిగేదాక గట్లనే మాట్లాడ్తడు. సక్కగ మింగేదాక బువ్వ పెట్టకు. జరమొచ్చినా, ఆయాసమొచ్చినా ఫికర్ జెయ్యాలె. గా మందు సుక్క గూడ తాపకు." ఆయన లేచాడు. "ఊరు దాటే తొవ్వ ఎటమ్మా?"

దొడ్డితొవ్వ అని నోటిదాకా వచ్చింది. కానీ అది దళం తొవ్వ. పోలీసోడైతే? క్యాంపు ముందు బాట చూపించింది. వాళ్ల మనిషే అయితే వాళ్లేం చేస్తారు అనుకుంది.

మునిమాపున దళం మనిషి మల్లన్న వచ్చాడు. బిక్షమ్మ దాచిన సీసా తీసి ముందు పెట్టింది.

"ఒకాయన దీనికోసమే వచ్చిండన్నా. గాయనెవరో సమజైతలేదు."

మల్లన్న తల వంచుకున్నాడు.

"మనకు మందులిచ్చిండని క్యాంపోళ్లు గాయన్ని పట్టుకపోయిండ్రు. ఎక్కువైతే పానం తీసే మందు ఎవరు తాగుతున్నరోనని నిన్నటిసంది ఊరూరు తిరిగిండట. గాయన దొర డాక్టరు. గడీల మేం గుంజకు కట్టేసి, గీ సీసా ఉన్న మందుల పెట్టె గుంజుకొచ్చింది గాయన కాడికెల్లే, బిక్షమ్మా."