కళ్లు మూసుకున్నంత సేపు

"ఆమెన్" అనీ అనకముందే పహిల్వాన్ చెయ్యి లేచింది.

ముసలాయన చెంప ఛెళ్లుమంది. బెంచీ అంచు తగిలి పెదవి చిట్లింది.

"అందరూ కళ్లు మూసుకుంటే నువ్వొక్కడివే తెరిచి ఏం చూస్తున్నావ్?" అన్నాడు లీడర్.

యూనివర్సిటీలో క్రైస్తవ విద్యార్థుల సహవాసానికి అతనే పెద్ద. అందుకే ఆ పేరు. పహిల్వాన్ అతని రూమ్మేట్, బుర్ర కంటే చెయ్యి ముందు పనిచేసే రకం.

ప్రతి ఆదివారం ఉదయం హాస్టల్ వెనక హాల్లో వీళ్ల ప్రార్థన. ఆ హాలు అంతకుముందు సీనియర్ల గ్యాంగుది. వాళ్ల తాగుడూ పేకాటా చూడలేక వార్డెన్ తాళం లాక్కుని వీళ్ల చేతికిచ్చాడు. అప్పట్నుంచి గ్యాంగు పళ్లు నూరుతోంది. కిందటి వారం సరిగ్గా ప్రార్థన మధ్యలో కిటికీలోంచి రాళ్లు పడ్డాయి. ఒకమ్మాయి నుదురు పగిలింది.

లోపల అందరూ కళ్లు మూసుకున్నారని బయటివాళ్లకెలా తెలిసింది?

కొన్నాళ్లుగా ఈ ముసలాయన వచ్చి తలుపు దగ్గర నిలబడుతున్నాడు. అందుకే ఇవాళ లీడర్ ప్రార్థన మధ్యలో ఓరకంట చూశాడు. ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి. తానూ తెరిచాడన్న సంగతి మాత్రం లీడర్ లెక్కలోకి రాలేదు.

"చెప్పు, ఎవరికి సైగ చేస్తున్నావ్?"

"సైగ కాదు నాయనా, వాకిలి చూస్తున్నా." ముసలాయన రక్తం తుడుచుకున్నాడు. "మీలో ఒక్కరైనా కళ్లు తెరిచి ఉండండి. లేకపోతే ఘోరం జరుగుతుంది."

"బెదిరిస్తున్నాడ్రా!"

అంతే, తలా ఒక చెయ్యి వేసి ఈడ్చుకెళ్లి మెట్ల మీంచి తోసేశారు. ముసలాయన మణికట్టు పట్టుకుని కూలబడ్డాడు. ఎముక విరిగిన చప్పుడు గుమ్మంలో ఉన్న లీడర్ చెల్లెలికి కూడా వినిపించింది.

"అన్నా, పెద్దాయన! వీధి చివర చర్చి ఉందిగా, ఆయనెవరో వెళ్లి అడుగుదాం."

"మనకి చర్చితో పనేంటి?"

ఇది పాత గొడవే. ఇక్కడికీ వద్దాం, చర్చికీ వెళ్దాం అని ఆ పిల్ల మొదట్నుంచీ పోరుతోంది. ఆ మాటెత్తితే చాలు లీడర్‌కి ఒళ్లు మండేది. రెండు పడవల మీద కాళ్లెందుకని, చర్చిలో ఆరాధన ఏ వేళకో సరిగ్గా అదే వేళకి సహవాసం పెట్టాడు. ఇక వీళ్లలో ఒక్కరూ ఆ గుమ్మం తొక్కలేదు.

మరుసటి ఆదివారం తలుపు దగ్గర ఎవరూ లేరు. పీడ వదిలిందనుకుని లీడర్ నిశ్చింతగా కళ్లు మూసుకున్నాడు.

"లేవండి! వెనక తలుపులోంచి పారిపోండి!"

కళ్లు తెరిచేసరికి గుమ్మంలో ముసలాయన. చేతికి పిండికట్టు. లోపలికి రానివ్వరని బయట మెట్ల మీదే కూర్చున్నాడన్నమాట. మొహం వీళ్ల వైపు పెట్టి, చేతులు చాచి, తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. ఆయన వెనక ఇనప రాడ్లు, సైకిల్ చైన్లు.

మొదటి దెబ్బ వీపు మీద పడింది. తర్వాతది తల మీద. పిండికట్టు పగిలి ముక్కలు రాలాయి. ఆయన గుమ్మం వదల్లేదు.

పిల్లలంతా ఒకరినొకరు తోసుకుంటూ పరిగెత్తారు. అందరికంటే ముందు పహిల్వాన్. లీడర్ తన చెల్లెల్ని రెక్క పట్టుకుని లాక్కుపోయాడు. ఆమె వెనక్కి చూసి అరుస్తూనే ఉంది. రాడ్ల చప్పుడు ఆగలేదు.

పోలీసులొచ్చేసరికి గ్యాంగు మాయం. వెనక్కి పరిగెత్తుకొచ్చిన లీడర్ ఒళ్లో ముసలాయన తల ఉంది. కళ్లు తెరుచుకునే ఉన్నాయి. ప్రాణం లేదు.

"ఎవరీయన?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఎవరికి తెలుసు గనక! ఎవరడిగారు గనక!

చెల్లెలు అన్న మొహంలోకి చూసింది. లీడర్ ఆ రక్తపు చొక్కాతోనే వీధి చివరికి పరిగెత్తాడు.

చర్చిలో పాట మీద పాట పాడుతున్నారు. వెనక వరసలో ఒక అవ్వ అతన్ని చూసి కంగారుగా లేచింది.

"అయ్యో, హాస్టల్ పిల్లాడివా? మిమ్మల్ని మళ్లీ కొట్టారా నాయనా?"

"అవ్వా... ఒక పెద్దాయన. చేతికి పిండికట్టు. మీ వాళ్లేనా?"

"మా వాళ్లేనా అంటావేంటయ్యా! ఒకప్పుడు మేమంతా కళ్లు మూసుకున్న వేళ చూసే రౌడీలు మా మీద పడ్డారు. అప్పట్నుంచి మా ప్రార్థనలో ఎవరో ఒకరు కళ్లు తెరిచి వాకిలి కాస్తారు. మీకలా ఎవరూ లేరని ఆయనే వస్తున్నారు."

అవ్వ పమిట చెంగుతో అతని చొక్కా మీది రక్తం తుడవబోయింది.

"మెట్ల మీంచి జారిపడి చెయ్యి విరిగిందట, ఈ ఒక్క వారం మానండి అన్నా వినకుండా, మమ్మల్ని పాటలు పాడుకుంటూ ఉండమని చెప్పి మీ దగ్గరికే వెళ్లారు మా పాస్టరుగారు."